శుభ్రమైన, పొడి సీసా

నిజమేనండీ, క్యాను కలిపాను.
గరిటె పైనుంచి అడుక్కి, అడుగునుంచి పైకి,
పదకొండు సార్లు.
పదకొండని ఎలా చెప్పగలరు, అన్నాడు డిఫెన్సు లాయరు,
ఏడేళ్ల కిందటి తెల్లవారుజామున
లెక్కపెట్టుకుంటూ కలిపారా, మేడమ్?

సూర్యాబాగ్ కోర్టులో ఫ్యాను తిరుగుతోంది
దానికీ ఓ వాయిదా ఉన్నట్టు, మెల్లిగా.
నేను బోనులో. సన్నిబాబు బెంచీ మీద.
కొత్తవాళ్లు చూస్తే
ముద్దాయి ఎవరో పోల్చుకోలేరు.

గోపాలపట్నంలో ఐదూ నలభైకి ఆపాం సైకిలు.
రెండు క్యాన్లు, తొణక్కుండా లోపల వరిగడ్డి చుట్ట.
ఆరువందల అరవై మిల్లీలీటర్లు కొన్నాను.
అవును, కొన్నాను, డబ్బిచ్చి, రసీదు తీసుకుని.
మూడు సీసాలు. ఒక్కోదాంట్లో పద్దెనిమిది చుక్కల ఫార్మలిన్.
హార్బర్లో చేప మీద పడితే అది నేరం,
నా చేతిలోంచి పడితే సాక్ష్యం.
లక్క కరిగించి సీళ్లు వేశాను.
వేలు కాలిన మచ్చ ఇంకా ఉంది.
దాన్నెవరూ ఎగ్జిబిట్టుగా గుర్తించలేదు.

గేదె పాలకి తొమ్మిది ఉండాలి ఘనపదార్థం.
ఆరున్నర, అని రాసింది ల్యాబు.

పంచ్ సాక్షి ఇడ్లీబండి పైడయ్య
చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
"సంతకం ఎట్టమన్నారు, ఎట్టేసినానండి.
సీసాలా? నాను సట్నీ రుబ్బుకుంటన్నాను బాబూ."
అతన్నేమనను?
మర్నాటి నుంచీ టీ కాయాల్సింది
సన్నిబాబు అరువిచ్చే పాలతోనే.

ఇక ఆఖరి ప్రశ్న.
సీసాలు శుభ్రంగా, పొడిగా ఉన్నాయా?
ఉన్నాయి.
పంచనామాలో 'శుభ్రమైన' కనిపిస్తోంది. 'పొడి' ఎక్కడ?
వెతికాను. కాగితం తిప్పి వెనక కూడా చూశాను.
రెండే అక్షరాలు.

ముందురాత్రి అటెండరు గౌరునాయుడు కడిగి బోర్లించాడు.
ఆషాఢం. ఈ ఊళ్లో అప్పుడు అగ్గిపుల్ల వెలగదు,
ఉప్పు డబ్బాలోనే నీరుగారుతుంది,
సముద్రం అద్దె కట్టకుండా
అందరి గోడల్లోనూ కాపరముంటుంది.
ఆ అడుగున ఒక్క చుక్కా లేదని
ప్రమాణం చేయగలనా?
చేశాను.
లాయరు నవ్వలేదు. మంచి లాయరు.

పాలనీ నీళ్లనీ హంస విడదీస్తుందంటారు.
ఆ హంసే వచ్చి ఈ బోనెక్కినా
మొదటి ప్రశ్న ఇదే:
తమరి ముక్కు శుభ్రంగా, పొడిగా ఉన్నదా?

సంశయలాభం ముద్దాయికి.
తొమ్మిదికీ ఆరున్నరకీ మధ్య నీళ్లు
బావివో, వానవో, నా సీసావో
తేలలేదు.

కోపం వచ్చింది, మెట్లు దిగేదాకా.
దిగాక అనిపించింది:
ఆ రెండక్షరాలూ అక్కర్లేకపోతే
మామూలివ్వని వాడి క్యాన్లో
నీళ్లు పుట్టించడం ఎంతసేపు?
అలాంటివాళ్లు ఇద్దరు తెలుసు నాకు.
పేర్లు చెప్పను,
నా దగ్గర పంచ్ సాక్షి లేడు.

గేటు దగ్గర సన్నిబాబు సైకిలు తాళం తీస్తూ
"ఆ యేళ వానమ్మా," అన్నాడు.
అంతే.
అది ఒప్పుకోలో, నిష్ఠూరమో
ఇప్పటికీ నాకు తెలీదు.

అప్పీలు గడువు దాటాక
మిగిలిన సీసా సీలు పగలగొట్టి సింకులో ఒంపాను.
మీగడ పైన గడ్డకట్టింది గానీ
పాలు పులవలేదు.
ఏడేళ్లలో నా జుట్టు నెరిసింది,
పైడయ్య పోయాడు,
జడ్జీలు నలుగురు మారారు.

రిటైరై ఇప్పుడు మర్రిపాలెంలో ఉంటున్నాను.
పొద్దున్నే ప్యాకెట్టు కత్తిరించి గిన్నెలో పోసి
గరిటె పైనుంచి అడుక్కి, అడుగునుంచి పైకి.
పదకొండు.
గ్లాసు గుడ్డతో తుడిచి వెలుతురుకెత్తి చూస్తాను.
పొడి, అంటాను పైకే.
వంటింట్లో రాసుకునేవాళ్లెవరూ లేరు.